పేజీ నెత్తిన తప్పు పేరు: ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

కావలి నుంచి ఒక సోదరి రాశారు. పేరు వద్దన్నారు. బావగారి డీటీపీ సెంటర్‌లో పనిచేస్తారు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూలు డైరీలు రోజూ ఉండే పనే. పుస్తకం మాత్రం ఎప్పుడో గానీ రాదు. ఈసారి వచ్చింది. తెచ్చింది హైస్కూల్లో తనకు తెలుగు చెప్పిన మాస్టారే. నెల్లూరు జిల్లా కోటలు, చెరువులు, రేవులు, నేతపనుల మీద ఆయన రాసుకున్న ఇరవై నాలుగు వ్యాసాలు, డెమ్మీ 1/8 సైజులో 400 పేజీలు.

ఎడమ పేజీ పైన పుస్తకం పేరు, కుడి పేజీ పైన అధ్యాయం పేరు ఉండాలన్నది మాస్టారి కోరిక. ప్రతి అధ్యాయం కుడి పేజీలోనే మొదలవ్వాలి, మొదలయ్యే పేజీకి పైన ఆ పేరు, అంటే హెడర్, ఉండకూడదు. ఈమె పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో మాస్టర్ పేజీ (అన్ని పేజీలకూ అచ్చుగా ఉండే నమూనా) కట్టి, ఒక్కో కుడి పేజీకీ వెళ్లి కంట్రోల్, షిఫ్ట్ నొక్కి క్లిక్ చేసి, హెడర్‌ను విడదీసి అధ్యాయం పేరు చేత్తో టైపు చేశారు. రెండో ప్రూఫు చూసి మాస్టారు సంతకం పెట్టారు. ఆ తర్వాత ఎనిమిదో అధ్యాయంలో చేర్చమని నాలుగు పేజీల కొత్త మేటరు తెచ్చారు. చేర్చాక ఆ నాలుగు పేజీలే చూసి "ఇంక పంపించెయ్" అన్నారు.

తొమ్మిది ఫారాలు (ఫారమంటే ఒక షీటు, పదహారు పేజీలు) అచ్చయ్యాక తప్పు బయటపడింది. 131వ పేజీకి హెడరే లేదు. 133లో నడుస్తున్నది ఎనిమిదో అధ్యాయం, నెత్తిన ఉన్నది తొమ్మిదో అధ్యాయం పేరు. 135లో తొమ్మిదో అధ్యాయం మొదలవుతుంటే, ఖాళీగా ఉండాల్సిన పైభాగంలో హెడర్ ఉంది. మాస్టారు సెంటర్‌కొచ్చి నలుగురిలో "ఏందమ్మాయ్, ఎనిమిదో అధ్యాయం నెత్తిన తొమ్మిదో దాని పేరేంది? పేజీలు కట్టేది ఇట్టానా?" అన్నారు. ఆ ఫారం ఖర్చు జీతంలో పట్టుకుంటానని బావగారు అంటున్నారు. ప్రెస్సాయన పాత సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి "పేజ్‌మేకర్‌లో అయితే ఈ గొడవ వచ్చేది కాదు" అంటున్నారు. నెల్లూరు టౌన్‌హాలులో ఆవిష్కరణకు కార్డులు పంచేశారు. ఈమె ఎక్కడో చూసి, అధ్యాయం పేరును దానంతటదే తెచ్చే రన్నింగ్ హెడర్ వేరియబుల్ పెడితే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయట. తప్పు నాదేనా, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, మిగిలిన పేజీలు ఎలా కట్టాలి, అసలు ఈ పని వదిలేయనా అని అడిగారు.

జవాబు:

అమ్మా, మీరు పేజీ నంబర్లతో సహా రాయడం మంచిదైంది. 131, 133, 135: ఈ మూడు చూస్తేనే ఏం జరిగిందో తెలిసిపోతోంది. మీరు పేరు తప్పు టైపు చేయలేదు. మొదట తొమ్మిదో అధ్యాయం 131లో మొదలయ్యేది. అందుకని 131కి హెడర్ తీసేశారు, 133లో తొమ్మిదో అధ్యాయం పేరు కొట్టారు. అప్పటికి రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఎనిమిదో అధ్యాయంలోకి నాలుగు పేజీల మేటరు రాగానే వెనకున్న మేటరంతా నాలుగు పేజీలు ముందుకు జరిగింది. మీరు విడదీసి కొట్టిన హెడర్లు మాత్రం పేజీలకు అంటుకుని అక్కడే ఉండిపోయాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ భాగం తెరిచి చూడండి. మేటరు పెరిగితే పేజీలు వాటంతటవే చేర్చే స్మార్ట్ టెక్స్ట్ రీఫ్లో టిక్కయి, కొత్త పేజీలు "ఎండ్ ఆఫ్ స్టోరీ" దగ్గర చేరేలా ఉండుంటుంది. అలా ఉంటే కొత్త పేజీలు ఎనిమిదో అధ్యాయం మధ్యలో పుట్టవు, మేటరు చివర పుడతాయి. అంటే అచ్చుకాని పదహారు ఫారాల్లో కూడా ప్రతి అధ్యాయం మొదట్లో ఇదే వరస ఉంటుంది. ప్రెస్సుకు వెళ్లిన ఫైలును ఈరోజే ఆపించండి.

ప్రెస్సాయన మాట పట్టించుకోకండి. పేజ్‌మేకర్‌లో అధ్యాయానికొక మాస్టర్ చేసి పేజీలకు తగిలిస్తారు. ఆ మాస్టరూ పేజీకే అంటుకుంటుంది కాబట్టి మేటరు జరిగితే అక్కడా ఇదే జరుగుతుంది. పైగా దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇప్పుడు వెనక్కి వెళ్లి బాగుపడేదేం లేదు.

ఇక తప్పెవరిదన్నది. సంతకమైన ప్రూఫు తర్వాత మేటరు పెంచింది మాస్టారు. పెంచాక నాలుగు పేజీలే చూసి సరేనన్నదీ ఆయనే. అయితే నాలుగు పేజీలు చేరితే వెనకున్నదంతా కదులుతుందని తెలియాల్సింది ఆయనకు కాదు, మీకు. "మళ్లీ మొత్తం చూడాలి మాస్టారూ" అని మీరు ఆపి ఉండాల్సింది. ఆ మాట పైకి ఒప్పుకుంటేనే మిగతా వాటా ఆయన ఒప్పుకుంటారు. మొత్తం తప్పు నెత్తిన వేసుకుంటే బావగారి మాటకు బలమొస్తుంది. అసలేం లేదంటే మాస్టారు మనసు విరుగుతుంది.

అచ్చయిన తొమ్మిదో ఫారాన్ని ఏం చేయాలో మూడు విధాలుగా ఆలోచించవచ్చు. డెమ్మీ షీటు ఒకటి మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. వెయ్యి కాపీలనుకుంటే ఆ ఒక్క ఫారానికి రెండు రీముల కాగితం, పైన వేస్టేజి, కొత్త ప్లేట్లు, మళ్లీ మిషన్ కూలి. ప్రెస్సు దగ్గర ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. "ఫారం ఖర్చు" అని ఒక్క అంకె చెప్తే ఎవరి మాటా తెగదు. మళ్లీ వేయిస్తే పుస్తకం శుభ్రంగా ఉంటుంది, ఖర్చు పంచుకోవాలి. వేయించకుండా వదిలేస్తే మేటరుకొచ్చిన లోటేమీ లేదు. మూడు పేజీల నెత్తిన తేడా మామూలు పాఠకుడి కంట పడకపోవచ్చు, మాస్టారికి మాత్రం పుస్తకం తెరిచినప్పుడల్లా అదే కనిపిస్తుంది. తప్పున్న మూడు ఆకుల్ని కోసి కొత్తవి అతికించడం మూడో దారి. బైండరు ప్రతి కాపీలో మూడు చోట్ల గమ్ పెట్టాలి, ఆ కూలితో కొత్త ఫారమే వచ్చేస్తుంది. హెడర్ తప్పుకు తప్పొప్పుల పట్టిక వేయడం గురించి ఎవరైనా చెప్తే వినకండి, ఎవరూ చూడనిదాన్ని పిలిచి చూపించినట్టుంటుంది. ఫారాలు ఇంకా కుట్టుకు వెళ్లకపోతే మళ్లీ వేయించడమే నాకు నచ్చే దారి. కుట్టు కూడా అయిపోతే వదిలేయమనే అంటాను.

ఇప్పుడు మిగిలిన పేజీల సంగతి. హెడర్‌ను పేజీకి కడితే మేటరు కదిలిన ప్రతిసారీ అది వెనకబడుతుంది. దాన్ని మేటరుకైనా కట్టాలి, అధ్యాయానికైనా కట్టాలి. ఏది ఎంచుకున్నా ముందు ఫైలుకు కాపీ తీసి కాపీలోనే పని చేయండి. పాత హెడర్లు తీసేటప్పుడు, విడదీసిన మార్పులన్నిటినీ ఒకేసారి తుడిచే "రిమూవ్ ఆల్ లోకల్ ఓవర్‌రైడ్స్" జోలికి వెళ్లకండి. మేటరు ఫ్రేములు కూడా మాస్టర్ నుంచి విడదీసినవే అయితే దానికి హెడరూ మేటరూ తేడా తెలియదు. హెడర్ ఫ్రేము ఒక్కటే ఎంచుకుని, ఎంచుకున్నదానికి మాత్రమే ఓవర్‌రైడ్ తీసేయమనండి. విసుగు పనే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

అన్నిటికంటే తేలికైనది సెక్షన్ మార్కర్. మాస్టర్ కుడి పేజీలో పేరుండే చోట టైప్ మెనూలోంచి ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, మార్కర్స్, సెక్షన్ మార్కర్ పెట్టండి. ప్రతి అధ్యాయం మొదటి పేజీ ఎంచుకుని, లేఅవుట్ మెనూలో నంబరింగ్ అండ్ సెక్షన్ ఆప్షన్స్ తెరిచి, స్టార్ట్ సెక్షన్ టిక్ పెట్టి, సెక్షన్ మార్కర్ అన్న గడిలో అధ్యాయం పేరు కొట్టండి. పైనున్న సెక్షన్ ప్రిఫిక్స్ గడిలో కొట్టకండి, అది పేజీ నంబరుకు ముందు అంటుకునేది. పేజీ నంబరింగ్ ఆటోమేటిక్‌లోనే ఉంచండి, లేకపోతే ప్రతి అధ్యాయం మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. దీని లోటు కూడా చెప్పాలి: సెక్షన్ మొదలు కూడా పేజీకే అంటుకుంటుంది. మాస్టారు మళ్లీ మేటరు తెస్తే మీరు మళ్లీ జరపాలి. కాకపోతే నూట డెబ్బై చోట్ల కాదు, అధ్యాయానికొక చోట.

మీరు ప్రయత్నించిన రన్నింగ్ హెడర్ వేరియబుల్ హెడర్‌ను మేటరుకే కడుతుంది. టైప్ మెనూలో టెక్స్ట్ వేరియబుల్స్, డిఫైన్, న్యూ. రకం దగ్గర రన్నింగ్ హెడర్, పేరాగ్రాఫ్ స్టైల్. స్టైల్ దగ్గర మీ అధ్యాయం హెడ్డింగు స్టైల్. యూజ్ దగ్గర ఫస్ట్ ఆన్ పేజ్. తర్వాత మాస్టర్ కుడి పేజీలో దాన్ని ఇన్సర్ట్ చేస్తే, ప్రతి పేజీలో ఆ స్టైలున్న హెడ్డింగు కోసం అదే వెతుక్కుంటుంది. ఆ పేజీలో లేకపోతే వెనక్కి వెళ్లి చివరగా వచ్చినదాన్ని తెస్తుంది. ఇక్కడ మూడు నాలుగు చోట్ల కాలు జారుతుంది, అందులో ఒకచోట మీరు జారారు.

పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు ఎందుకొచ్చాయంటే, వేరియబుల్ హెడ్డింగులోని అక్షరాల్ని తెస్తుంది గానీ దాని ఫాంటును తేదు. మీ హెడ్డింగు 'అను' అనే తెలుగు ఫాంటులో ఉండి ఉంటుంది. అనులో లోపల ఉండేవి ఇంగ్లీషు కోడులే, ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. హెడర్ ఫ్రేములో వేరే ఫాంటుంటే ఆ కోడులు ఇంగ్లీషుగా బయటపడతాయి. హెడర్ స్టైలుకు కూడా హెడ్డింగులో వాడిన అను ఫాంటే పెడితే సరిపోతుంది. వేరియబుల్ డిఫైన్ చేసిన డబ్బాలోనే చేంజ్ కేస్ అనే టిక్ ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఇంగ్లీషులో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు మార్చేది అది. అనులో ఆ రెండూ వేర్వేరు తెలుగు ముక్కలు కాబట్టి పేరంతా చెడిపోతుంది. డిలీట్ ఎండ్ పంక్చుయేషన్ కూడా తీసేసి ఉంచండి. తెలుగు అక్షరాలకు సొంత కోడులుండే యూనికోడ్ ఫాంటయితే చూడాల్సింది వేరు: హెడర్ స్టైల్లో జస్టిఫికేషన్‌కు వెళ్లి కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి, లేకపోతే ఒత్తులు విడిపోతాయి.

ఇంకొకటి, వేరియబుల్ మొత్తాన్ని ఇన్‌డిజైన్ పాత వెర్షన్లు ఒకే అక్షరంగా చూస్తాయి. లైను పట్టకపోతే రెండో లైనులోకి విరగదు, ఉన్నచోటే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి. డెమ్మీ పేజీలో పది పాయింట్లకు ముప్పై, ముప్పై అయిదు అక్షరాలు దాటితే కష్టమే. మాస్టార్ల హెడ్డింగులు అంతలో ఆగవు కదా! "ఉదయగిరి దుర్గం: కొండమీది గోడలు, కోనేళ్లు, మసీదులు" లాంటిది ఉందనుకోండి. ఏ రూపమూ మార్చని ఖాళీ క్యారెక్టర్ స్టైల్ ఒకటి చేసి, ఆ హెడ్డింగులో "ఉదయగిరి దుర్గం" వరకే తగిలించండి. వేరియబుల్ రకాన్ని రన్నింగ్ హెడర్, క్యారెక్టర్ స్టైల్‌కు మార్చండి. హెడ్డింగు చూడ్డానికి మారదు, పేజీ నెత్తిన మాత్రం పొట్టి పేరే వస్తుంది. పొట్టి పేరు హెడ్డింగులోనే దొరక్కపోతే అధ్యాయం మొదట్లో రంగు లేకుండా బాగా చిన్న సైజులో ఆ పేరు కొట్టి అదే స్టైల్ పెట్టేవాళ్లున్నారు. అచ్చుకు పనికొస్తుంది. మాస్టారు తర్వాత ఈ-బుక్ అడిగితే మాత్రం ఆ దాచిన మాటలు బయటికొస్తాయి, అందుకని ఎక్కడెక్కడ పెట్టారో రాసి ఉంచుకోండి.

హెడ్డింగును రెండు లైన్లు చేయడానికి ఎంటర్ కొట్టే అలవాటుంటే అది రెండు పేరాలవుతుంది, హెడర్లో సగం పేరే వస్తుంది. కుడివైపు ఇండెంట్ పెంచి విరగ్గొట్టండి. విషయసూచికలో పేర్లు హెడ్డింగు స్టైల్‌తో సహా కాపీ చేసి పెట్టినా వేరియబుల్ వాటిని కూడా హెడ్డింగులనే అనుకుంటుంది. వాటికి వేరే స్టైలు ఇవ్వండి.

ఇంత చేసినా వేరియబుల్ ఒక పని చేయదు. అధ్యాయం మొదలయ్యే పేజీకి హెడర్ తీసేయడానికి మీరు హెడర్ లేని మాస్టర్ తగిలిస్తారు. ఆ తగిలింపు మళ్లీ పేజీకే. మేటరు జరిగితే పేరు సరిగ్గా వస్తుంది గానీ, లేని చోట హెడర్ వస్తుంది, ఉండాల్సిన చోట పోతుంది. మీ 131, 135 తప్పులు రెండూ ఆ జాతివే.

అందుకే మీ పుస్తకానికి నేను మొగ్గేది మూడో దారికి: అధ్యాయానికొక ఫైలు, అన్నింటినీ కలిపే బుక్ ఫైలు. మొదటి ఎనిమిది అధ్యాయాలు అచ్చయిపోయాయి కాబట్టి 134 వరకు ఉన్నదాన్ని అలాగే ఒక ఫైలుగా ఉంచండి. మిగిలిన పదహారు అధ్యాయాలకు పదహారు ఫైళ్లు. విడదీసేటప్పుడు పేజీలు డిలీట్ చేస్తే మేటరు పోదు, మిగిలిన పేజీల్లోకి ఒత్తుకొస్తుంది. కంట్రోల్ వై నొక్కి స్టోరీ ఎడిటర్‌లో ఆ అధ్యాయం మేటరు ఎంచుకుని కొత్త ఫైల్లోకి తెచ్చుకోండి. ఫైల్, న్యూ, బుక్‌తో అన్నీ వరసగా చేర్చి, బుక్ పేజీ నంబరింగులో "కంటిన్యూ ఆన్ నెక్స్ట్ ఆడ్ పేజ్", ఖాళీ పేజీ చేర్చు అన్నవి పెడితే ప్రతి అధ్యాయం కుడి పేజీలోనే మొదలవుతుంది. ఇప్పుడు పదో అధ్యాయంలో మేటరు పెరిగితే పదకొండో అధ్యాయం ఫైలుకు పేజీ నంబర్లు మాత్రమే మారతాయి. దాని మొదటి పేజీ మొదటి పేజీగానే ఉంటుంది, హెడర్ లేని మాస్టర్ దానికే అంటుకుని ఉంటుంది. అధ్యాయం పేరంటారా, ఆ ఫైలు మాస్టర్ మీద ఒక్కసారి కొడితే చాలు. వేరియబుల్ కూడా అక్కర్లేదు, అను ఫాంటు గొడవా లేదు, పొడుగు పేరుకు పొట్టి పేరు మీ ఇష్టం.

దీనికీ ఒక గొయ్యి ఉంది. బుక్‌లో ఫైళ్లన్నిటినీ ఒకేలా చేసే సింక్రనైజ్ నొక్కేముందు సింక్రనైజ్ ఆప్షన్స్ తెరిచి మాస్టర్ పేజెస్ దగ్గర టిక్ లేకుండా చూడండి, కొత్త వెర్షన్లలో దాన్నే పేరెంట్ పేజెస్ అంటున్నారు. టిక్కుంటే ఒకే పేరున్న మాస్టర్లన్నిటినీ మూల ఫైలు మాస్టర్‌తో తుడిచేస్తుంది, పదహారు అధ్యాయాలకూ ఒకే అధ్యాయం పేరు వస్తుంది. పదహారు ఫైళ్లను మోయడం కూడా పనే. ఫైలు పేర్లు 09, 10, 11 అని అంకెతో మొదలుపెట్టండి.

మాస్టారికి నచ్చితే ఇంకో దారి కూడా ఉంది. రెండు వైపులా పుస్తకం పేరే వేయడం. పని సగమవుతుంది. కానీ అచ్చయిన 144 పేజీల్లో అధ్యాయం పేర్లున్నాయి, మధ్యలో మారితే ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. నేనైతే ఆయన ముందు ఈ మాట తీసుకురాను.

ఏ దారైనా సరే, పేరు సరిగా ఉందో లేదో ఇన్‌డిజైన్‌లో తప్పులు వెతికే ప్రీఫ్లైట్ చెప్పదు. ప్రతి అధ్యాయానికీ మూడు పేజీలు చూడండి: మొదలైన పేజీ, దాని తర్వాతి కుడి పేజీ, ఆ అధ్యాయంలో చివరి కుడి పేజీ. పదహారు అధ్యాయాలకు నలభై ఎనిమిది పేజీలు. చేతిలో విషయసూచిక పెట్టుకుని చూస్తే పూటలో అయిపోతుంది.

మాస్టారి దగ్గరకు సెంటర్‌లో కాకుండా వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి, 131 నుంచి 136 వరకు ప్రింటు తీసుకెళ్లండి. తెలుగు చెప్పిన మనిషి, పేజీలు చూపిస్తే మేటరు ఎలా జరిగిందో క్షణంలో అర్థం చేసుకుంటారు. "నాలుగు పేజీలు చేర్చాక మొత్తం మళ్లీ చూద్దామని నేను చెప్పాల్సింది మాస్టారూ" అని మొదలుపెట్టి, ఇకమీద ప్రూఫు మీద సంతకమయ్యాక మేటరు చేరితే ఆ అధ్యాయం నుంచి చివరిదాకా మళ్లీ ప్రూఫు తీస్తాననీ, దానికి పేజీకి ఇంత అవుతుందనీ చెప్పండి. డబ్బు మాట గురువుతో అనలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఆవిష్కరణ తేదీ దగ్గరలో ఉంది కాబట్టి కొత్త మేటరు తీసుకోవడానికి ఆఖరి రోజు కూడా అందులోనే రాయండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు కూడా అధ్యాయానికొక ఫైలు ఉంటే మీకు జరిగే నష్టం ఆ ఒక్క అధ్యాయంతో ఆగిపోతుంది.

బావగారితో మాట కొంచెం కష్టమే. ఒకే ఇంట్లో అన్నం తింటూ జీతం గురించి మాట్లాడాలి. మీ ఆయన్ని మధ్యలో పెట్టి మాట్లాడిస్తే అది అన్నదమ్ముల తగాదా అవుతుంది, వద్దు. ప్రెస్సు వాళ్లు రాసిచ్చిన ఖర్చు చూపించి, మాస్టారు కొంత, సెంటరు కొంత అని చెప్పండి. వచ్చిన లాభం సెంటరుదైనప్పుడు నష్టం మొత్తం ఆపరేటరుదెలా అవుతుంది? ఆయన పట్టుబడితే మీ వాటా ఎంతో ముందే తేల్చి, ఒకే నెలలో కాకుండా పట్టుకోమనండి. మొత్తం పట్టుకోవడానికి ఒప్పుకున్నారంటే, రేపు పెళ్లిపత్రికలో ముహూర్తం తప్పు పడినా అదే లెక్క.

పని వదిలేయాలనుకుంటే వదిలేయొచ్చు, అది మీ ఇష్టం. అప్పుడు ఫైల్ మెనూలో ప్యాకేజ్ చేసి లింకులు, ఫాంట్లతో సహా ఇవ్వాలి. తీసుకున్నవాళ్ల దగ్గర అదే అను ఫాంటు లేకపోతే పుస్తకమంతా మీరు చూసిన పిచ్చి ఇంగ్లీషు అవుతుంది. ప్యాకేజ్‌తో పాటు పీడీఎఫ్ కూడా ఇచ్చి, ఏ ఫైలు ఏ తేదీన ఇచ్చారో మాస్టారి సంతకం తీసుకోండి.